తెర వెడల్పుకు ఒదిగే తెలుగు జాలపుట: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకే జాలపుట బల్లమీది కంప్యూటరు తెరకూ అరచేతిలోని ఫోను తెరకూ తగినట్లు ఒదగడం నేటి వెబ్ రూపకల్పనలో ప్రాథమిక నియమం. ఆంగ్లం వంటి భాషలలో ఈ నియమం చరిత్ర ప్రధానంగా వెడల్పుల చరిత్ర. తెలుగులో దానికి మూడు దశలు కనిపిస్తాయి. మొదటిది అక్షరం పాఠ్యంగా గుర్తింపు పొందిన దశ. రెండవది నిలువువరుసలు తెరను బట్టి మారిన దశ. మూడవది ఇరుకు పంక్తిలో దీర్ఘపదాన్ని ఎక్కడ విరవాలన్న ప్రశ్న ఎదురైన దశ. మొదటి రెండూ చాలావరకు సాధ్యమయ్యాయి, మూడవది ఇంకా కొనసాగుతున్నది. ఈ క్రమాన్ని వివరించి, తెలంగాణ సరిహద్దు పట్టణమైన జహీరాబాదు పాఠకుల అవసరాల దృష్ట్యా దాని ఫలితాలను అంచనా వేయడం ఈ వ్యాసలక్ష్యం. ఇందులో చారిత్రక, వర్ణనాత్మక పద్ధతులను అనుసరించడమైంది.

కీలకపదాలు: పుటవిన్యాసం, ద్రవవిన్యాసం, స్పందనశీల విన్యాసం, యూనికోడ్, అక్షరవిభజన, తెలుగు జాలపుట, జహీరాబాదు.

1. ప్రవేశిక:

జహీరాబాదు నేటి సంగారెడ్డి జిల్లాలోని పట్టణం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు మెదక్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా జహీరాబాదు తాలూకా హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలో భాగం. హైదరాబాదునుంచి ముంబయి వైపు వెళ్ళే జాతీయరహదారి ఈ ఊరిమీదుగా సాగి కర్ణాటకలో ప్రవేశిస్తుంది. అందువల్ల ఇక్కడి అంగళ్ళ పలకలమీద తెలుగు, ఉర్దూ, ఆంగ్లం పక్కపక్కనే కనిపించడమూ, కన్నడ మరాఠీలు చెవిన పడడమూ సహజం.

ఇటువంటి పట్టణంలో ఒక రైతు పంటబీమా గడువును గురించి గాని, ఒక విద్యార్థి ఉపకారవేతనాన్ని గురించి గాని తెలుసుకోవలసి వస్తే, మొదట చేతికందేది ఫోను. ఆ సమాచారమున్న పుటను రూపొందించినవారు మాత్రం తరచుగా కంప్యూటరు ముందు కూర్చుని, విశాలమైన తెరమీద, ఆంగ్లపదాల కొలతతో దానిని తీర్చి ఉంటారు. పుటను తయారుచేసిన తెరకూ చదివే తెరకూ నడుమ ఉన్న ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నమే సరళవిన్యాస చరిత్ర. ఆ చరిత్రను తెలుగు అక్షరం వైపునుంచి చూసినప్పుడు, సాధారణంగా చెప్పే కథలో కనిపించని కొన్ని మలుపులు బయటపడతాయి.

2. ఆదిలో ద్రవరూపం:

టిమ్ బెర్నర్స్‌లీ 1989లో సెర్న్ పరిశోధనసంస్థలో ప్రతిపాదించి, ఆ తరువాతి రెండేళ్ళలో నిర్మించిన తొలి జాలపుటలకు నిర్ణీతమైన వెడల్పు లేదు. వాటిలో శీర్షికలు, పేరాలు, లంకెలు మాత్రమే ఉండేవి. కిటికీని వెడల్పు చేస్తే పంక్తులు సాగేవి, ఇరుకు చేస్తే తగ్గేవి. పుట ఎంత వెడల్పు ఉండాలో రచయిత చెప్పేవాడు కాదు. చదువరి తెర దానిని నిర్ణయించేది. కాబట్టి తెరను బట్టి ఒదగడం వెబ్‌కు తరువాత అబ్బిన గుణం కాదని చెప్పవచ్చు. అది పుట్టుకతో వచ్చి, నడుమ కొంతకాలం మరుగునపడింది.

అచ్చుకు ఈ స్వభావం లేదు. తాటాకు వెడల్పు ఎంతో అంతకు తగ్గట్టే లేఖకుడు పంక్తి నడిపేవాడు. అచ్చుయంత్రం వచ్చాక కాగితం కొలత, ఫారం కొలత, కాలమ్ కొలత స్థిరపడ్డాయి. ఒకసారి కూర్చిన పంక్తి ఆ కూర్పు ఉన్నంతకాలం మారదు. తొలితరం వెబ్ రూపకర్తలలో ఎందరో ముద్రణరంగం నుంచి వచ్చినవారే. కొలత చేతిలో లేని పుట వారికి అసంపూర్ణంగా తోచడంలో వింత లేదు.

3. స్థిరవిన్యాసాల కాలం:

1993లో మొజాయిక్ బ్రౌజరు పాఠ్యం నడుమ బొమ్మలను చూపడం మొదలైన తరువాత వెబ్ జనాదరణ పొందింది. నెట్‌స్కేప్ బ్రౌజరు పట్టికలను ప్రవేశపెట్టింది. పట్టిక అసలు ఉద్దేశం అంకెలనూ వివరాలనూ గళ్ళలో చూపడం. రూపకర్తలు దానినే పుటకు చట్రంగా మలచుకున్నారు. ఎడమగడిలో సూచిక, నడిమిగడిలో పాఠ్యం, కుడిగడిలో ప్రకటనలు అమర్చి, ప్రతిగడికీ పిక్సెళ్ళలో వెడల్పు ఇచ్చారు. డేవిడ్ సీగెల్ 1996లో వెలువరించిన పుస్తకం ఈ పద్ధతికి, కంటికి కనిపించని ఒక పిక్సెల్ బొమ్మతో ఖాళీలు నింపే ఉపాయానికి విస్తృతప్రచారం కల్పించింది.

అప్పటి తెరలు 640, 800, 1024 పిక్సెళ్ళ వెడల్పులవి. పుట అడుగున “800 వెడల్పు తెరమీద బాగా కనిపిస్తుంది” అనే సూచన ఉంచడం అప్పట్లో మామూలు. తనకు తగిన తెరను సమకూర్చుకొనే భారాన్ని ఆ వాక్యం పాఠకుడిమీదే మోపుతుంది.

ఈ కాలంలోనే దీనికి విరుద్ధమైన ఆలోచన కూడా సాగింది. హాకన్ వియమ్ లీ 1994 అక్టోబరులో శైలిపత్రాల పద్ధతిని ప్రతిపాదించారు. బెర్ట్ బోస్ సహకారంతో అది సీఎస్‌ఎస్‌గా రూపొంది, 1996 డిసెంబరులో ప్రమాణమైంది. పాఠ్యాన్ని ఒకచోటా దాని రూపాన్ని మరొకచోటా ఉంచడం ఇందులోని ప్రధానసూత్రం. రూపం విడిగా ఉన్నప్పుడే ఒకే పాఠ్యానికి తెరను బట్టి వేర్వేరు రూపాలివ్వడం సాధ్యమవుతుంది. గ్లెన్ డేవిస్ ఆ దశాబ్దిలోనే పుటవిన్యాసాలను మంచుగడ్డ, జెల్లీ, ద్రవం అని మూడుగా వర్గీకరించాడు. మంచుగడ్డ ఒక అంచుకు అంటుకుని కదలదు. జెల్లీ నడుమ నిలుస్తుంది గాని కొలత మారదు. ద్రవం పాత్ర ఆకారాన్ని పొందుతుంది. 2000 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఆల్‌సాప్ రాసిన వ్యాసం ఈ చర్చను మరో మెట్టు ఎక్కించింది. తాను పుటను పూర్తిగా శాసించగలనన్న భావన ముద్రణనుంచి వచ్చిన అలవాటని, వెబ్ సారళ్యాన్ని లోపంగా గాక బలంగా స్వీకరించాలని ఆయన వాదించాడు.

4. తెలుగు అక్షరం పాఠ్యమైన క్రమం:

ఆంగ్లంలో ఈ చర్చ సాగుతున్నప్పుడు తెలుగుపుట సమస్య వేరుగా ఉంది. పంక్తి ఎక్కడ తెగాలో బ్రౌజరు నిర్ణయించాలంటే ముందుగా అక్షరమేదో, పదమేదో, పదాల నడుమ ఖాళీ ఏదో దానికి తెలియాలి. తెలుగుపుటలలో అది చాలాకాలం తెలియలేదు.

తొలి ప్రవాసాంధ్రులు అంతర్జాలంలో తెలుగును రోమన్‌లిపిలో రాశారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ విధానం ఇందుకు వాహిక అయింది. రోమన్ తెలుగు ఏ తెరమీదనైనా చక్కగా ఒదిగేది. కాని అది తెలుగులిపి కాదు. తెలుగులిపినే చూపదలచినవారికి అప్పుడు రెండు దారులుండేవి. ఒకటి పాఠ్యం మొత్తాన్ని బొమ్మగా పెట్టడం. బొమ్మకు పంక్తులు లేవు, వెడల్పు తగ్గిస్తే అక్షరాలు చిన్నవవుతాయి తప్ప కింది వరుసకు జారవు. రెండవది ప్రత్యేకఖతులను వాడడం.

ఈ ఖతుల నిర్మాణాన్ని గమనించాలి. రోమన్ అక్షరాలకూ విరామచిహ్నాలకూ ఉద్దేశించిన స్థానాలలో తలకట్టు, కొమ్ము, గుడి, ఒత్తు వంటి ముక్కలను ఉంచేవారు. ఆ ముక్కలను వరుసగా పేర్చితే తెరమీద తెలుగు కనిపించేది. ఈనాడు, వార్త వంటి పత్రికల జాలస్థలులు ఇటువంటి సొంతఖతులనే వాడాయి. పుటతోపాటు ఖతికూడ పాఠకుని యంత్రానికి దిగేలా చేసే చలనఖతుల పద్ధతి 1990ల చివర అందుబాటులోకి వచ్చింది. మైక్రోసాఫ్టు, నెట్‌స్కేప్ బ్రౌజర్లకు అవి వేర్వేరు రూపాలలో ఉండేవి.

పాఠకుడు తెలుగునే చూసినా, బ్రౌజరు చూసేది రోమన్ అక్షరాలూ చిహ్నాలూ కలిసిన ఒక గజిబిజి వరుసను మాత్రమే. అడ్డగీత స్థానంలో ఒక ఒత్తు ఉంటే దాని పక్కన పంక్తి తెంచవచ్చునని బ్రౌజరు భావించే అవకాశముంది. అప్పుడు అక్షరం ఒక పంక్తిలో, దాని ఒత్తు మరో పంక్తిలో పడతాయి. ఇటువంటి పరిస్థితిలో వెడల్పును స్థిరంగా బిగించడం రూపకర్తకు క్షేమకరమైన మార్గం. కనుక తెలుగులో స్థిరవిన్యాసానికి ముద్రణసంస్కారంతోపాటు అక్షరసంకేతాల అస్థిరత కూడ కారణమని భావించాలి.

ఈ చిక్కుకు పరిష్కారం యూనికోడ్. 1991 అక్టోబరులో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల ఖండం లభించింది. అందులో ముక్కలకు గాక అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు సంకేతాలున్నాయి. ఒత్తు ఎక్కడ ఏ ఆకారంలో రావాలన్నది ఖతీ, చిత్రణయంత్రాంగమూ చూసుకుంటాయి. అయితే సంకేతం లభించడానికీ వాడుకలోకి రావడానికీ నడుమ పదేళ్ళు గడిచాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతితో తెలుగు చదివే వీలు కలిగింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఉచితంగా లభించాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 1998లో ప్రారంభమైన ఈమాట వంటి ప్రవాస పత్రికలూ యూనికోడ్‌లోకి మారాయి. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ అనే పరికరం పత్రికల సొంతఖతుల పాఠ్యాన్ని బ్రౌజరులోనే యూనికోడ్‌కు మార్చి చూపేది. వీవెన్ 2006లో నిర్మించిన లేఖిని వల్ల తెలుగులో రాయడం సులువైంది.

ఈ పరిణామాన్ని సాధారణంగా భాషాభిమాన విజయంగా వర్ణిస్తారు. పుటవిన్యాసం దృష్ట్యా దానికి మరో అర్థముంది. తెలుగుపాఠ్యం ఏ వెడల్పులోనైనా తనంతట తాను పంక్తులుగా సర్దుకోగలగడం అప్పుడే మొదలైంది. వెతకడానికి, నకలు తీసుకోవడానికి, యంత్రం చేత చదివించుకోవడానికి పనికివచ్చిన గుణమే తెరకు ఒదగడానికీ పనికివచ్చింది.

5. ఫోను తెర తెచ్చిన మార్పు:

చిన్నతెరలకోసం పుటను మార్చే ప్రయత్నాలు ఐఫోనుకు ముందే ఉన్నాయి. ఒపేరా సంస్థ విశాలమైన పుటను ఒకే నిలువువరుసగా మార్చి చూపే పద్ధతిని తెచ్చింది. 2006లో ప్రపంచవ్యాప్తంగా విడుదలైన ఒపేరా మినీ, పుటను తన సర్వరులో కుదించి ఫోనుకు పంపేది. తెలుగుఖతి లేని సాధారణ ఫోన్లకోసం అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపే అమరిక అందులో ఉండేది. అమరికలలో దాగి ఉన్న ఆ ఎంపికను వెతికి పట్టుకుని తెలుగు చదివిన పాఠకులు ఎందరో ఉన్నారు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలోనూ తెలుగు అక్షరాలకు బదులు ఖాళీగళ్ళు కనిపించేవి. అంటే కంప్యూటరుమీద తీరిన అక్షరసమస్య ఫోనుమీద కొన్నేళ్ళపాటు మళ్ళీ తలెత్తింది.

2007లో వచ్చిన ఐఫోను పూర్తి జాలపుటలను చూపగలిగింది. కాని అది పుట వెడల్పు 980 పిక్సెళ్ళని ఊహించుకుని, మొత్తాన్ని కుదించి, చిన్నతెరలో ఇమిడ్చేది. పాఠకుడు వేళ్ళతో పెద్దదిచేసి, కుడియెడమలకు జరుపుకుంటూ చదవాలి. దీనిని నివారించడానికి వ్యూపోర్ట్ అనే సూచన పుట్టింది. పుట వెడల్పు పరికరం వెడల్పేనని చెప్పే ఈ ఒక్క వాక్యం నేటికీ ప్రతి సరళపుటకూ తొలిమెట్టు.

భారతదేశంలో 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక చిన్నపట్టణాలలోనూ అంతర్జాలవాడుక వేగంగా పెరిగింది. 2017లో వచ్చిన జియోఫోను తెర 2.4 అంగుళాలది, దాని వెడల్పు 240 పిక్సెళ్ళు మాత్రమే. “చిన్నతెర” అన్నమాటకు రూపకర్త మనసులో మెదిలే కొలత కంటే ఇది చాలా చిన్నది. తెలుగు పాఠకులున్న తెరల కనిష్ఠపరిమితిని నిర్ణయించేటప్పుడు ఇటువంటి పరికరాలను లెక్కలోకి తీసుకోవాలి.

6. స్పందనశీల విన్యాసం:

ఫోన్లకోసం వేరుగా మరో జాలస్థలి నడపడం కొంతకాలం సాగింది. దానివల్ల ఒకే విషయం రెండుచోట్ల ఉండేది, ఒకచోట దిద్దినది మరోచోట మిగిలిపోయేది. 2010 మే 25న ఈథన్ మార్కాట్ ప్రచురించిన వ్యాసం దీనికి ప్రత్యామ్నాయాన్ని చూపింది. దానికి మూడు అంగాలు. కొలతలను పిక్సెళ్ళలో గాక నిష్పత్తులలో చెప్పే ద్రవజాలకం మొదటిది. ఉన్న చోటును మించని బొమ్మలు రెండవది. తెర వెడల్పు ఇంత దాటితే ఇలా అమర్చమని చెప్పే షరతులు మూడవది. ఉదాహరణకు 960 పిక్సెళ్ళ పుటలో 240 పిక్సెళ్ళ పక్కవరుస ఉంటే, దానిని నాల్గవవంతు, అంటే 25 శాతం అని రాస్తారు. తెర ఎంతైనా ఆ నిష్పత్తి నిలుస్తుంది. ఇరుకుతెరలో ఆ పక్కవరుస చదవలేనంత సన్నబడితే, మూడవ అంగమైన షరతు దానిని కిందికి దించుతుంది.

బోస్టన్ గ్లోబ్ పత్రిక 2011లో ఈ పద్ధతిని స్వీకరించింది. 2012 జూన్‌లో షరతుల విధానం ప్రమాణమైంది. 2015 ఏప్రిల్‌లో గూగుల్ తన ఫోను శోధనఫలితాలలో ఫోనుకు అనువైన పుటలకు ప్రాధాన్యమిస్తానని ప్రకటించి అమలుచేసింది. 2017లో ప్రధానబ్రౌజర్లన్నీ గ్రిడ్ పద్ధతిని సమర్థించడంతో పట్టికలను చట్రంగా వాడే అగత్యం పూర్తిగా తొలగింది. 2023 నాటికి తెరను గాక, తానున్న గడి వెడల్పును బట్టి మారే అంశాలను నిర్మించడం కూడ సాధ్యమైంది.

పూర్తిద్రవరూపం అన్నిటికీ సమాధానం కాదని కూడ ఈ చరిత్ర చెప్తున్నది. వికీపీడియా చాలాకాలం తెరనిండా పంక్తిని సాగనిచ్చింది. 2023 జనవరిలో ఆంగ్లవికీపీడియా కొత్తరూపంలో పంక్తి వెడల్పుకు పైపరిమితి విధించింది. ఇరువైపులా ఖాళీలు మిగిలాయని పలువురు ఆక్షేపించగా, కావలసినవారు విశాలరూపాన్ని ఎంచుకునే వీలు కల్పించారు. మరీ పొడవైన పంక్తి చివరనుంచి తరువాతి పంక్తి మొదటికి చూపు మరలడం కష్టం. అందువల్ల మంచి విన్యాసంలో సాగే గుణానికి కనిష్ఠ, గరిష్ఠ హద్దులుండాలి.

7. తెలుగుపదం - ఇరుకుపంక్తి:

వెడల్పులకు సంబంధించిన సూత్రాలన్నీ అమలుచేసినా తెలుగుపుటలో తీరని చిక్కులు మూడున్నాయి.

7.1 పదదైర్ఘ్యం:

రోమన్ పాఠ్యానికి పంక్తికి 45 నుంచి 75 అక్షరాలు అనుకూలమని ముద్రణశాస్త్రంలో ప్రసిద్ధి. ఆ లెక్కలో ఒక్కొక్క అక్షరం సన్ననిది, పదాలు పొట్టివి. తెలుగు అక్షరం సగటున వెడల్పైనది, పదం సంధిసమాసాలతోనూ ప్రత్యయాలతోనూ పెరుగుతుంది. 320 పిక్సెళ్ళ తెరలో అంచులు పోగా 288 పిక్సెళ్ళు మిగిలాయని, అక్షరానికి సుమారు 16 పిక్సెళ్ళు పడతాయని అనుకుందాం. పంక్తికి 18 అక్షరాలు వస్తాయి. 240 పిక్సెళ్ళ తెరలో అవి 14కు మించవు. “పురపాలకసంఘకార్యాలయంలో” అన్న పదానికి 12 అక్షరాలు. “చేసుకోలేకపోతున్నామంటున్నారు” అన్నది నిత్యవ్యవహారంలోని క్రియ, దానికీ 12 అక్షరాలే. ఇటువంటి పదాలు రెండు ఒక పంక్తిలో పట్టవు. ఎడమకు సర్దితే కుడివైపు పెద్దఖాళీలు మిగులుతాయి. రెండంచులూ సమం చేస్తే పదాల నడుమ గండ్లు పడతాయి. ఆంగ్లపు కొలతతో కట్టిన సూచికలలో “సంప్రదించండి” వంటి మాట గడి దాటి పొర్లడానికి కూడ ఇదే కారణం.

7.2 అక్షరవిభజన:

పదాన్ని విరవక తప్పనప్పుడు ఎక్కడ విరవాలి? తెలుగు తాళపత్రాలలో పదాల నడుమ ఖాళీ లేదు. పంక్తి ఏ అక్షరం దగ్గరైనా ముగిసేది, అక్షరం మాత్రం విడిపోయేది కాదు. పత్రికల ఇరుకుకాలమ్‌లలోనూ పదాన్ని అక్షరం దగ్గర విరిచి కిందికి దించడం అలవాటే. బ్రౌజర్లు మాత్రం అప్రమేయంగా ఖాళీ దగ్గరే పంక్తిని తెంచుతాయి. పదం మధ్యలో తెంచమని ఆదేశించవచ్చు. కాని యంత్రం దృష్టిలో అక్షరమంటే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. “క్ష” మనకు ఒక అక్షరం. యూనికోడ్‌లో అది కకారం, పొల్లు, షకారం అనే మూడు సంకేతాల కూడిక. యూనికోడ్ నియమాల ప్రకారం చాలాకాలం పొల్లుదాకా ఒక గుచ్ఛం, షకారం మరో గుచ్ఛం. అందువల్ల సంయుక్తాక్షరం నడుమ విరుగుడు పడే ప్రమాదముండేది. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పు తెలుగు, దేవనాగరి తదితర భారతీయలిపులలో సంయుక్తాక్షరాన్ని ఒకే గుచ్ఛంగా పరిగణించే నియమాన్ని చేర్చింది. తెలుగు లేఖకులు తాటాకుమీద పాటించిన మర్యాద ప్రమాణంలోకి రావడానికి యూనికోడ్ పుట్టిన తరువాత 32 ఏళ్ళు పట్టింది.

అక్షరం చీలకుండా ఉండడం అవసరమే గాని చాలదు. “రామచంద్రుడు” అన్న పదాన్ని “రామ”, “చంద్రుడు” అని విరిస్తే చూపు ఆగదు. “రామచం”, “ద్రుడు” అని విరిస్తే నియమభంగం లేదు, కాని చదువరి ఒక క్షణం తడబడతాడు. తెలుగుతోసహా భారతీయభాషలకు సంతోష్ తొట్టింగల్ తయారుచేసిన పదవిభజన సూత్రాలు అక్షరమర్యాదను కాపాడతాయి. సమాసంలోని పదాల హద్దును గుర్తించి విరవాలంటే తెలుగు వ్యాకరణ పరిజ్ఞానం యంత్రానికి అందాలి. సంధి, సమాస విభాగాలమీద తెలుగుశాఖలలో జరిగే పరిశోధనకు ఇది ప్రత్యక్షప్రయోజనమున్న రంగం. ఈ సదుపాయం పనిచేయాలంటే పుట భాష తెలుగు అని పుటలోనే ప్రకటించాలి. ఆ ప్రకటన లేకపోతే బ్రౌజరు తెలుగు విభజనసూత్రాలను ఉపయోగించదు.

7.3 పంక్తి ఎత్తు:

వెడల్పుతోపాటు ఎత్తూ మారవలసిందే. “రాష్ట్రం” అన్న పదంలో షకారం కింద రెండు ఒత్తులున్నాయి. గుడులు, ఏత్వాలు పైకి పెరుగుతాయి. రోమన్ అక్షరాలకు సరిపోయే పంక్తిదూరంలో పైపంక్తి ఒత్తులు కిందిపంక్తి గుణింతాలను తాకుతాయి. ఎత్తు స్థిరంగా బిగించిన మీటలలో ఒత్తులు తెగిపోతాయి. సిలికానాంధ్ర చొరవతో వెలువడి గూగుల్ ఖతులలో చేరిన మండలి, రామభద్ర, సూరన్న మొదలైన ఖతులవల్ల రూపకర్తకు ఎంపిక పెరిగింది. ఒక్కొక్క ఖతి ఎత్తు ఒక్కొక్కరకం కాబట్టి, ఎత్తును పిక్సెళ్ళలో గాక అక్షరపరిమాణానికి నిష్పత్తిగా చెప్పడం మేలు. వెడల్పు విషయంలో మార్కాట్ చెప్పిన నిష్పత్తిసూత్రం తెలుగులో నిలువుకొలతకూ అంతే వర్తిస్తుంది.

8. జహీరాబాదు పాఠకుని దృష్టిలో:

పై పరిణామాల ఫలితాన్ని జహీరాబాదుకు సంబంధించిన పుటలతో పోల్చి చూడవచ్చు. తెలుగు వికీపీడియాలో పట్టణాల వ్యాసాలకు పటమూ జనాభావివరాలూ ఉండే సమాచారపెట్టె ఉంటుంది. కంప్యూటరులో అది కుడివైపున నిలుస్తుంది. ఫోనులో పుట వెడల్పంతా ఆక్రమిస్తుంది. అప్పుడు పాఠకుడు ఊరినిగురించి ఒక్క వాక్యమైనా చదవకముందే పెట్టె దాటవలసి వస్తుంది. దీనిని నివారించడానికి ఫోనురూపంలో తొలిపేరాను పెట్టెకు ముందుకు తెచ్చారు. వెడల్పు మారినప్పుడు చదివే క్రమం కూడ ఆలోచించవలసిన విషయమని ఈ చిన్నమార్పు తెలుపుతుంది.

ప్రభుత్వరంగంలో భారతప్రభుత్వ జాలస్థలుల మార్గదర్శకాలు 2009లో తొలిసారి వెలువడి, 2018లోనూ 2023లోనూ సవరణ పొందాయి. జాతీయ సమాచారకేంద్రం జిల్లాల జాలస్థలులకు తెరను బట్టి మారే ఉమ్మడిచట్రాన్ని సమకూర్చింది. చట్రం సరళమైనా, అందులో ఉంచే ప్రకటన పాతఖతిలో కూర్చి, ముద్రించి, మళ్ళీ బొమ్మగా తీసిన కాగితమైతే ఫలితం లేదు. ఏ4 కాగితపు కొలతలో ఉన్న బొమ్మను ఫోనులో పెద్దదిచేసి, ప్రతిపంక్తికీ కుడికి జరిపి మళ్ళీ ఎడమకు రావాలి. తెలుగు దినపత్రికల ఇ-పేపర్లలోని పుటచిత్రాలకూ ఇదే పరిమితి ఉంది. అనూ వంటి డీటీపీ ఖతులు ముద్రణలో చేసిన మేలు తక్కువది కాదు. జాలంలోకి వచ్చేటప్పుడు వాటి పాఠ్యాన్ని యూనికోడ్‌కు మార్చకపోవడమే లోపం. ఇందువల్ల మనం రెండవదశకు చేరామనుకున్నచోట కూడ మొదటిదశ సమస్య మిగిలి ఉన్నట్లు స్పష్టమవుతున్నది.

గ్రామాలజాబితాలు, పంటధరల పట్టికలు మరో చిక్కు. అయిదారు నిలువువరుసల పట్టిక 320 పిక్సెళ్ళలో పట్టదు. ప్రతి అడ్డువరుసనూ ఒక చిన్నచీటీగా విడదీసి, శీర్షికను విలువ పక్కన చూపడం ఒక మార్గం. పట్టికను మాత్రమే పక్కకు జరిగేలా ఉంచి, తక్కిన పుటను కదలనివ్వకపోవడం మరో మార్గం. వరుసలను పోల్చిచూడవలసినచోట రెండవది, ఒక్క ఊరి వివరం చాలినచోట మొదటిది తగినవి.

జహీరాబాదు వంటి చోట లిపిభేదం కూడ లెక్కించాలి. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికారభాషగా చేశారు. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది, నస్తాలీక్ శైలిలో వాలుగా దిగుతూ ఎక్కువ ఎత్తు తీసుకుంటుంది. సూచికను ఎడమ అని, బొమ్మను కుడి అని బిగించిన చట్రం ఉర్దూపుటలో తలకిందులవుతుంది. అందుకే ఇప్పటి సీఎస్‌ఎస్‌లో ఎడమ, కుడి అనడానికి బదులు పంక్తి మొదలు, పంక్తి చివర అని చెప్పే లక్షణాలున్నాయి. వాటితో కట్టిన ఒకే చట్రం తెలుగుకూ ఉర్దూకూ సరిపోతుంది.

జహీరాబాదు సమీపాన పస్తాపూరులో ఉన్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో, మాచునూరు గ్రామంలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. చదువురాని గ్రామీణమహిళలు తమ మాటను తామే వినిపించుకోవడానికి అక్షరంతో పనిలేని మాధ్యమాన్ని ఎంచుకున్నారు. జాలపుటకు ఇందులో ఒక పాఠముంది. కొందరు పాఠకులకు తెర వెడల్పు సున్న. వారికి పుట వినిపించాలి. యూనికోడ్ పాఠ్యం, సరైన శీర్షికలు, భాషాప్రకటన, అర్థవంతమైన క్రమం ఉన్న పుటను యంత్రం చదివి వినిపించగలదు. ఇరుకుతెరకు ఒదిగే పుటకు కావలసిన లక్షణాలూ ఇవే. బొమ్మగా తీసిన ప్రకటన మాత్రం అటు ఇరుకుతెరకూ పనికిరాదు, ఇటు చెవికీ అందదు.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలివి.

1. తెరను బట్టి ఒదగడం వెబ్ తొలిస్వభావం. స్థిరవిన్యాసం ముద్రణ అలవాటునుంచి వచ్చింది. తెలుగులో దానికి సొంతఖతుల పరిమితి కూడ తోడైంది.

2. తెలుగులో సరళవిన్యాసానికి పునాది 2010 నాటి స్పందనశీల పద్ధతికంటె ముందే, యూనికోడ్ వాడుకతో పడింది.

3. ఆంగ్లంనుంచి తెచ్చిన వెడల్పులు, పంక్తిదూరాలు, అక్షరసంఖ్యలు తెలుగుకు నేరుగా వర్తించవు. తెలుగుపుటను తెలుగుపాఠ్యంతోనే, ఇరుకైన తెరమీదనే మొదట పరీక్షించాలి.

4. ఇరుకుపంక్తిలో పదవిభజన మిగిలి ఉన్న ప్రధానసమస్య. అక్షరాన్ని చీల్చకూడదన్న నియమం 2023లో ప్రమాణంలోకి వచ్చింది. సమాసహద్దును గుర్తించడం భాషాశాస్త్రజ్ఞులు, సాంకేతికనిపుణులు కలిసి చేయవలసిన పని.

5. ప్రజలకు ఉద్దేశించిన ప్రకటనలను బొమ్మలుగా గాక యూనికోడ్ పాఠ్యంగా ప్రచురించడం అన్నిటికంటె ముందు జరగవలసిన మార్పు.

చివరి అంశానికి కొత్త పరికరాలూ పెద్దఖర్చూ అవసరం లేదు. ప్రకటనను కూర్చేటప్పుడే యూనికోడ్‌లో కూర్చి, దానిని పాఠ్యంగానే జాలస్థలిలో ఉంచితే చాలు. తాలూకా ఏ జిల్లాలో ఉన్నా, చేతిలోని ఫోను ఏ వెడల్పుదైనా, పంటబీమా గడువు ఎన్నడో రైతు తన తెరమీదనే పక్కకు జరపకుండా చదువుకోగలుగుతాడు.